అనుబంధం – 3

ముప్పై ఏడేండ్లకు మళ్ల హాస్టల్ గది.
నయీంనగర్‌ల మూడో అంతస్తు, ఇనుప మంచం,
నాకంటె ముందున్న పిల్ల గోడకు అంటించిపోయిన టైంటేబుల్.
ఎంఎడ్ క్లాసుల అందరికీ ఇరవై మూడు, ఇరవై నాలుగు.
మొదటిరోజు నేను లోపలికి పోంగనే లేచి నిలబడ్డరు
మేడం వచ్చిందనుకుని.
నేను పోయి చివరి బెంచీల కూసున్నంక
ఒకల మొఖం ఒకలు చూసుకుంట కూసున్నరు.

పన్నెండేండ్లు తండాల ఒకటో తరగతికి చెప్పిన.
ముక్కులు తుడిచిన, పలకలు తుడిచిన,
రెండు మూడు సార్లు కండ్లు తుడిచిన, అవి నావే.
ఇప్పుడు చేసిన పనులకే పేర్లు నేర్చుకుంటున్న.
ముక్కు తుడుసుడు భావోద్వేగ భద్రతట.
పక్కపిల్ల పలకల చూసి రాసుడు సహపాఠి అభ్యసనమట.
ఇన్నేండ్లు దానికి
తొడపాశం పెట్టిన.

పరిశోధన అంశం గైడ్ సారే ఇచ్చిండు:
అక్షరానికీ బొమ్మకూ పిల్లలు ముడివేసే తీరు.
ముప్పై మంది కావాలె. చార్టు, స్టాప్‌వాచీ, ఒక పట్టిక.
చెప్తే ఒకటి, చెప్పకుంటే సున్న.

ఫిబ్రవరిల నర్సంపేట బస్సెక్కిన.
మూడు తండాలు తిరిగితే ఇరవై తొమ్మిది మంది దొరికిండ్రు.
ముప్పయ్యోది నా బడి పిల్లనే, బానోతు హన్షిక.
"మిర్పకాయ ఏర వోయింది మేడం, వాళ్ల యాడితోని."

చేనుకాడికి పోయిన. ఘాటుకు ముందుగాల నాకే దగ్గొచ్చింది.
నడుముకు గుడ్డ కట్టుకుని ఒక సాలు పట్టి వస్తున్నది పిల్ల.
నన్ను చూసి చేతులు వెనుకకు దాచుకున్నది.
గట్టుమీద చార్టు పరిచి
నాలుగు మూలలకు నాలుగు మట్టిపెడ్డలు పెట్టిన.

అ బొమ్మ చూపిచ్చిన.
"యాడి" అన్నది.
సున్న.

ఋ. గడ్డం, కమండలం, మూసిన కండ్లు.
వంగి చూసింది, ఇంకింత వంగి చూసింది.
"తాత. కూసోనే పండుకున్నడు."
సున్న.

ఔ. సీసా, దాని మూత.
"పురుగుల మందు" అన్నది, చిన్నగ.
సాలు అవతల వాళ్ల యాడి ఏరుడు ఆపింది.
మళ్ల ఏరుడు మొదలువెట్టింది.
స్టాప్‌వాచీ నా చేతుల నడుస్తనే ఉన్నది.
సున్న వేసిన.
ఎట్ల వేసిన్నో
ఇప్పటికీ తెలువదు.

ఆఖర్ల పేరు రాయమంటే రాసింది.
'క్షి' కాడ ఆగి, పెన్సిలు నాలికకు అద్ది, మళ్ల రాసింది.
కాగితం మూలకు బొటనవేలు అచ్చు పడ్డది,
పండు మిర్పకాయ రంగుల.

వచ్చిన ఆదివారం పట్టికల ఇంకో గడి గీసిన.
దాని పైన 'ఏమన్నది' అని రాసిన.
ముప్పై మందికీ గుర్తున్నకాడికి నింపిన.
గైడ్ సార్ అద్దాలు తీసి తుడుచుకున్నడు.
"ఇదేందమ్మా? దీనికి సగటెట్ల తీస్తవు?"
"తీయరాదు సార్."
శానాసేపు కాగితాలు తిప్పిండు.
ఆ పిల్ల కాగితం కాడ వేలు ఆగింది, మళ్ల కదిలింది.
"అధ్యాయంల వద్దు. అనుబంధంల పెట్టు" అన్నడు.

నక్కలగుట్ట జిరాక్సు షాపుల నాలుగు కాపీలకిచ్చిన.
షాపు పిల్లగాడు ఒక కాగితం ఎత్తి లైటుకు పట్టి చూసిండు.
"ఈ మరక తీసెయ్యాల్నా మేడం?"
"ఉండనియ్యి."
"ఎర్రగ రాదు మల్ల. నల్లగనే వస్తది.
కలర్ల అయితే పేజీకి పది."
పర్సు తీసి చూసిన. బస్సు కిరాయి పక్కకు పెట్టిన.
"ఒక్కటి కలర్ల తియ్యి."
"ఏ కాపీల పెట్టాలె?"
"సార్ కాపీల."